కుదురుకోని చంద్రుడు

నేను పీహెచ్‌డీ పూర్తి చేయలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి ఇన్నేళ్ళూ రెండు కారణాలు చెబుతూ వచ్చాను. గైడు రిటైరయ్యారని ఒకటి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందని ఇంకొకటి. రెండూ జరిగినవే. అయితే అసలు సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం మా గైడు నన్నొక చిన్న ప్రశ్న అడిగారు. నేను చేయని పనిని చేశానని చెప్పాను. తరవాత జరిగిందంతా దాని వల్లే జరిగింది.

తొంభయ్యో దశకం సగం దాటాక అనంతపురం జిల్లా నుంచి వచ్చి హైదరాబాదులో భౌతికశాస్త్రం రీసెర్చికి చేరాను. శేరిలింగంపల్లి అవతల, రాళ్ళగుట్టల మధ్య ఉండేది మా యూనివర్సిటీ. హాస్టల్లో గది దొరకలేదు. కొండాపూర్లో ఒకామె ఇంట్లో వెనక గది కిరాయికి తీసుకున్నాను. అప్పటి కొండాపూర్ అంటే నాలుగు వీధులు, వాటి చుట్టూ జొన్నచేలు. మా ఇంటామెకి యాభై ఏళ్ళుంటాయి. భర్త లేడు. నాలుగు బర్రెల్ని పెట్టుకుని పాలు పోసి బతికేది. నన్ను బిడ్డా అని పిలిచేది.

మా గైడు గోదావరి జిల్లా మనిషి. పొడుగ్గా ఉండేవారు, కొంచెం వంగి నడిచేవారు. తాళాలు తీసే అటెండరుని కూడా అండీ అని పిలిచేవారు. నేను చేరేనాటికి ఆయన రిటైరవడానికి నాలుగేళ్ళుంది. ఇరవై ఏళ్ళుగా ఆయన ఒకే విషయం మీద పని చేస్తున్నారు. గురుడు, శని లాంటి పెద్ద గ్రహాల చుట్టూ తిరిగే చిన్న చంద్రుళ్ళు తమ చుట్టూ తాము ఎలా తిరుగుతాయన్నది ఆ విషయం. డిపార్ట్‌మెంటులో మిగతావాళ్ళంతా లేజర్లు, లోహాలు, పనికొచ్చే సంగతులు చూసేవారు. ఆయన దగ్గర స్కాలర్‌ని నేనొక్కదాన్నే. నిజం చెప్పాలంటే మిగతావాళ్ళ దగ్గర ఖాళీ లేక ఆయన దగ్గరికి వచ్చాను.

మొదటి రోజు ఆయన తన సంచిలోంచి ఒక దుంప తీసి బల్ల మీద పెట్టారు.

"ఇదేమిటమ్మాయ్?"

"గెణుసుగడ్డ సార్."

"మా వైపు చిలగడదుంప అంటాం. పేరు ఏదైతేనేం. ఇది శని చుట్టూ తిరుగుతోందనుకో."

గాజు పేపర్‌వెయిట్‌ని శనిగా పెట్టి, దుంపని రెండు వేళ్ళతో పట్టుకుని దాని చుట్టూ తిప్పారు.

"మన చంద్రుడు బుద్ధిమంతుడు. భూమిని ఒక చుట్టు చుట్టేలోపు తన చుట్టూ తాను సరిగ్గా ఒకసారి తిరుగుతాడు. అందుకే మనకి ఎప్పుడూ ఒకే ముఖం కనబడుతుంది. చంద్రుళ్ళలో చాలావరకు ఇంతే. శనికి హైపీరియన్ అని ఒకడున్నాడు. వాడు గుండ్రంగా ఉండడు, ఇదిగో, ఇలా ఉంటాడు. దగ్గరగా ఉన్న కొసని గ్రహం కాస్త గట్టిగా లాగుతుంది, దూరపు కొసని కాస్త తక్కువ. అలా లాగి లాగి పొడుగువైపు తనకేసి తిప్పుకోవాలని చూస్తుంది. వాడు తిరిగే దారి గుండ్రంగా ఉంటే తిప్పుకునేదే. అది కోడిగుడ్డులా సాగి ఉంది. దగ్గరకొచ్చినప్పుడు చంద్రుడు వేగంగా పోతాడు, దూరమైతే నెమ్మదిస్తాడు. లాగే సమయానికీ తిరిగే సమయానికీ పొత్తు కుదరదు. ఒకసారి ఇటు తోస్తుంది, ఇంకోసారి అటు. ఇక వాడికి నిలకడైన ఇరుసంటూ ఉండదు. దొర్లుతూనే ఉంటాడు."

"అయితే అక్కడ పొద్దు ఏ దిక్కున పొడుస్తుంది సార్?"

ఆయన చటుక్కున తలెత్తి నన్ను చూశారు. ఆ ప్రశ్న ఆయనకి నచ్చింది.

"ఇవాళ ఎటు పొడిచిందో చెప్పొచ్చు. ఏడాది తరవాత ఎటు పొడుస్తుందో ఎవరూ చెప్పలేరు. ఎంత పెద్ద కంప్యూటరు తెచ్చినా చెప్పలేరు."

ఆయన నాకిచ్చిన సమస్య ఇది. గ్రహం లాగుతూ ఉంటే చంద్రుడి లోపలి రాయీ మంచూ పిసరంత సాగుతూ, ముడుచుకుంటూ ఉంటాయి. ఆ రాపిడికి దొర్లుడు ఎప్పటికో తగ్గాలి. చంద్రుడు ఒక ముఖం గ్రహానికి చూపిస్తూ కుదురుకోవాలి. ఏ ఆకారంలో ఉన్న చంద్రుడు ఎంత కాలానికి కుదురుకుంటాడు? గుండ్రటివాడు ముందా, పొడుగాటివాడు ముందా? రాపిడి లెక్కతో సహా ప్రోగ్రాం రాసి, రకరకాల ఆకారాలకి నడిపి చూడాలి.

ఆ దుంపని ఆయన నాకే ఇచ్చేశారు. గదికి తెచ్చి కిటికీలో పెట్టుకున్నాను. నాలుగో రోజు ఇంటామె దాన్ని చూసింది.

"గీ కందగడ్డ గిట్ల పెట్టినవేంది? మొలకలొస్తయి. ఉడకబెట్టనా?"

"వద్దక్కా, నా చదువు దాని మీదే" అని చెప్పాను. ఆమె నవ్వి, బర్రెకి గడ్డి వేయడానికి వెళ్తూ, "మంచిగున్నది నీ సదువు" అంది. వారం తిరక్కుండా నిజంగానే మొలకలొచ్చాయి. ఆమే దాన్ని పెరట్లో పాతిపెట్టింది.

ప్రోగ్రాం రాయడానికి ఏడాది పట్టింది. దాని గురించి ఒక్క సంగతి చెప్పాలి, లేకపోతే తరవాతిది అర్థం కాదు. కంప్యూటరు కాలాన్ని నీళ్ళలా పారించలేదు, అడుగులుగా నడిపిస్తుంది. ఈ క్షణంలో చంద్రుడు ఎలా ఉన్నాడో చూసుకుని, కాస్త తరవాత ఎలా ఉంటాడో లెక్క కడుతుంది. అక్కణ్ణుంచి మళ్ళీ ఇంకో అడుగు. అడుగు చిన్నదైతే లెక్క సరిగ్గా వస్తుంది, కానీ చాలా సేపు పడుతుంది. అడుగు పెద్దదైతే త్వరగా అయిపోతుంది, కానీ తప్పు దూరుతుంది. అందుకే ఏ జవాబు వచ్చినా అడుగుని సగం చేసి మళ్ళీ నడపాలి. జవాబు మారకపోతే నమ్మొచ్చు. మారితే నమ్మకూడదు. మొదటి సంవత్సరం విద్యార్థికైనా తెలిసిన పరీక్ష ఇది.

డిపార్ట్‌మెంటు మొత్తానికి మూడు కంప్యూటర్లు. నా వంతు మంగళ, గురు, శనివారాల్లో మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా. అయిదింటికి అటెండరు తాళాల చప్పుడు చేసేవాడు. మధ్యలో కరెంటు పోతే అప్పటిదాకా నడిచిందంతా పోయేది. చిన్న అడుగుతో ఒక్క చంద్రుణ్ణి కుదురుకునేదాకా నడపాలంటే ఆ మూడు గంటలు ఏ మూలకీ చాలవు. నేను అడుగు పెంచాను. పెంచాక, ఇంచుమించు గుండ్రంగా ఉన్న ఆకారానికి సగం అడుగుతో కూడా నడిపి చూశాను. జవాబు మారలేదు. పొడుగాటి ఆకారాలకి కూడా చూడాలనుకున్నాను. వచ్చే వారం చూద్దామనుకున్నాను.

ఆ వచ్చే వారమే ఆయన లాబ్‌కి వచ్చారు. నా వెనక నిలబడి తెర మీద అంకెలు చూశారు.

"అడుగు సగం చేసి చూశావా అమ్మాయ్? అన్నిటికీ?"

"చూసినాను సార్."

అంతసేపే పట్టింది. ఒకదానికి చూశాను కదా, మిగతావి రేపో ఎల్లుండో చూస్తాను కదా అనుకున్నాను. అబద్ధం ఆడుతున్నానని కూడా నాకు అనిపించలేదు. ఆయన "మంచిది" అని వెళ్ళిపోయారు. ఆ తరవాత ఫలితాలు రావడం మొదలయ్యాయి, పరీక్ష సంగతి నేను మరిచిపోయాను. మరిచిపోయాననడం కూడా పూర్తి నిజం కాదు. గుర్తొచ్చినప్పుడల్లా ఇంకో పని పెట్టుకున్నాను.

వచ్చిన ఫలితం ఎవరూ ఊహించనిది. ఆకారం పొడుగయ్యేకొద్దీ చంద్రుడు త్వరగా కుదురుకుంటున్నాడు. కాస్త త్వరగా కాదు, అనుకున్నదానికి వేల రెట్లు త్వరగా. తెర మీద అంకెలు చాలాసేపు పిచ్చిగా ఎగిరి పడేవి. తరవాత మెల్లగా అలలు చిన్నవయ్యేవి. చివరికి అన్నీ ఒక గీత మీదికి వచ్చి నిలబడేవి. ఆ క్షణం కోసం ఆయన తన క్లాసు చూసుకుని మరీ వచ్చి కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చునేవారు. ఒకసారి అలా నిలబడగానే నెమ్మదిగా, "కుదురుకున్నాడు తండ్రి" అన్నారు. పిల్లవాడికి జ్వరం తగ్గితే అన్నట్టుగా ఉంది ఆ మాట.

ఇద్దరం కలిసి పేపరు రాశాం. ఒక విదేశీ పత్రికకి పంపాం. ఆ ఏడాదే శనిగ్రహానికి ఒక అంతరిక్షనౌక బయలుదేరిందని దినపత్రికలో వచ్చింది. ఏడేళ్ళకి చేరుతుందట. ఆయన ఆ ముక్క కత్తిరించి గోడకి అంటించారు. అప్పటికి డిపార్ట్‌మెంటులో ఆయన నడక కూడా మారింది. ఇరవై ఏళ్ళు ఎవరూ పట్టించుకోని మనిషిని ఇప్పుడు కారిడార్లో ఆపి, "ఏమండీ, మీ చంద్రుళ్ళెలా ఉన్నారు?" అని అడుగుతున్నారు. ఒక శుక్రవారం ఆయన సెమినార్ ఇచ్చేలా ఏర్పాటైంది.

దానికి నాలుగు రోజుల ముందు పత్రిక నుంచి జవాబు వచ్చింది. పేపరు బాగుందని రాశారు. నాలుగు చిన్న సవరణలు అడిగారు. మూడోది ఇది: పొడుగాటి ఆకారాలకి సగం అడుగుతో వచ్చిన అంకెలు ఒక పట్టికగా ఇవ్వండి.

ఆయన ఆ ఉత్తరాన్ని నా బల్ల మీద పరిచారు. మొహం వెలిగిపోతోంది. "చూశావుగా, ఇంక ఏముంది? ఆ అంకెలు తీసి పట్టిక వెయ్యి. వారంలో పంపేద్దాం."

"వేస్తాను సార్."

నా దగ్గర ఏ అంకెలూ లేవు. అప్పటికి లాబ్‌కి ఒక కొత్త కంప్యూటరు వచ్చింది, పాతవాటికంటే చాలా వేగమైనది. మంగళవారం మధ్యాహ్నం దాని మీద అన్నిటికంటే పొడుగాటి చంద్రుణ్ణి సగం అడుగుతో నడిపాను. భయమేమీ లేదు. ఆలస్యంగా చేస్తున్నానన్న సిగ్గు మాత్రం ఉంది.

అంకెలు ఎగిరిపడ్డాయి. అలలు చిన్నవి కావలసిన చోటు వచ్చింది. చిన్నవి కాలేదు. ఇంకాసేపు చూద్దామనుకున్నాను. నాలుగున్నర అయింది. చంద్రుడు ఇంకా దొర్లుతున్నాడు. ఆపి, పావు అడుగుతో మొదలుపెట్టాను. అటెండరు వస్తే ఇంకొక్క పది నిమిషాలని బతిమాలాను. చంద్రుడు దొర్లుతూనే ఉన్నాడు. ఏ ఆకారమూ ఏ చంద్రుణ్ణీ త్వరగా కుదర్చడం లేదు. నా పెద్ద అడుగు ప్రతిసారీ వాడి వేగంలోంచి రవ్వంత దొంగిలించింది. పొడుగాటివాడు ఎక్కువ విసురుగా ఊగుతాడు కాబట్టి వాడి దగ్గర ఎక్కువ దొంగిలించింది. అంతకు మించి ఆ ఫలితంలో ఏమీ లేదు.

సెవెన్ సీటర్ ఆటోలో కొండాపూర్ వచ్చాను. బుధవారం డిపార్ట్‌మెంటుకి వెళ్ళలేదు. గురువారం వెళ్ళాను. చెబుదామని ఆయన గది దాకా నడిచాను. ఆయన సెమినార్ కోసం, ప్రొజెక్టరు మీద పెట్టే పారదర్శక కాగితాల మీద రంగు పెన్నులతో బొమ్మలు వేసుకుంటున్నారు. పొడుగాటి చంద్రుడికి ఆకుపచ్చ రంగు వేశారు. "రంగు బాగుందా?" అని అడిగారు. బాగుందన్నాను.

శుక్రవారం హాలు నిండింది. ఆయన నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ముప్పావు గంట మాట్లాడారు, చాలా బాగా మాట్లాడారు. చివర్లో, కొత్తగా చేరిన లెక్చరరు ఒకాయన లేచి, "అడుగు పరీక్ష చేశారాండీ? ఇంత త్వరగా తగ్గడం లెక్కలోని తప్పు వల్ల కూడా జరగొచ్చు కదా?" అని అడిగాడు.

మా గైడు నవ్వారు. నా వైపు చెయ్యి చూపించారు.

"మా అమ్మాయి చేసిందండి. ఈ పిల్ల చూశానందంటే నేను మళ్ళీ చూడక్కర్లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి నమస్కారం పెట్టాను. ఆ నమస్కారం పెట్టిన రెండు చేతులూ నావేనని ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

శని, ఆదివారాలు గదిలోనే ఉన్నాను. అన్నం వండుకోలేదు. ఆదివారం పొద్దున ఇంటామె పాలగిన్నెతో వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"ఏమైంది బిడ్డా? రెండు దినాలాయె పొయ్యి ముట్టియ్యలే. ఇంట్ల ఎవరికన్న బాగ లేదా?"

చేయని పని చేశానని మా సారుతో చెప్పాననీ, ఆయన దాన్ని నమ్మి పదిమందిలో మాట్లాడారనీ, అదంతా తప్పనీ చెప్పాను. చంద్రుళ్ళ ఊసు తేలేదు.

"ఆయనకెరికేనా?"

"తెలీదక్కా."

"మల్ల ఈడ కూసుంటె ఎట్ల? పోయి చెప్పు. తిడితె తిడతడు. నువ్వు చెప్పకుంటె రేపు ఇంకోడు చెప్తడు. గప్పుడు ఆయన పరేషాన్ అయితడు, నువ్వు గాదు."

సోమవారం పది గంటలకి ఆయన గదికి వెళ్ళాను. ఆయన కుర్చీ చూపించారు. నేను కూర్చోలేదు.

"సార్, సగం అడుగు పరీక్ష నేను చేయలేదు. గుండ్రటిదానికి ఒకదానికే చేసినాను. మిగతావి చేసినానని అబద్ధం చెప్పినాను. ఇప్పుడు చేస్తే కుదురుకోవడం లేదు సార్."

కాగితాలు అందించాను. ఆయన చాలాసేపు చూశారు. ఒక్కొక్క పేజీ పక్కన పెన్సిలుతో చిన్న టిక్కు పెడుతూ చూశారు. గంటయిందేమో. నేను నిలబడే ఉన్నాను.

"మన లెక్కే వాణ్ణి కుదురుగా కూర్చోబెట్టింది" అన్నారు చివరికి. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"మంగళవారం సార్."

"సెమినార్ శుక్రవారం కదూ."

"అవును సార్."

కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మొన్న నువ్వు ముందు వరసలో కూర్చున్నావు" అన్నారు. అంతే. కేకలేసి ఉంటే బాగుండేది.

ఆ మధ్యాహ్నమే పేపరు వెనక్కి తీసుకుంటున్నట్టు పత్రికకి ఉత్తరం రాశారు. తప్పు తనదని రాశారు. నాది అని రాయమని బతిమాలాను.

"పేపరు మీద మొదటి పేరు ఎవరిది?"

"మీది సార్."

"మరింకేం."

ఇంకో కాగితం రాసి డిపార్ట్‌మెంటు నోటీసు బోర్డులో స్వయంగా గుచ్చి వచ్చారు. శుక్రవారం తాను చెప్పిన ఫలితం తప్పని, వినడానికి వచ్చినవారు క్షమించాలని అందులో ఉంది. పరీక్షల టైమ్ టేబులు పక్కన ఆ కాగితం రెండు వారాలుంది. కారిడార్లో ఆయన్ని ఆపి చంద్రుళ్ళ గురించి అడిగేవారు మళ్ళీ ఎవరూ లేరు. కాంటీన్లో ఒకసారి నా వెనక బల్ల దగ్గర ఎవరో, "రిటైరయ్యే ముందు తొందర" అని నవ్వారు. నేను తిరిగి చూడలేదు. తొందరపడింది నేనని చెప్పలేదు.

ఆ తరవాత ఆరు నెలలు ఆ పనిలోంచి ఏదైనా మిగులుతుందేమోనని ఇద్దరం వెతికాం. సరైన అడుగుతో ఒక్క ఆకారాన్ని చివరిదాకా నడపాలంటే మా లాబ్‌లో ఏళ్ళు పడుతుందని తేలింది. మిగిలింది ఏమీ లేదు. ఆయన మునుపటిలాగే మర్యాదగా ఉండేవారు. కానీ నేను ఏ అంకె చూపించినా, నేను వెళ్ళాక దాన్ని కాగితం మీద మళ్ళీ వేసి చూసుకునేవారు. ఒకసారి ఏదో మరిచిపోయి వెనక్కి వెళ్ళినప్పుడు చూశాను. ఆయన కాగితం మీద చెయ్యి కప్పారు. నా ముందు సిగ్గుపడ్డారు.

ఇక అక్కడ ఉండలేకపోయాను.

అదే రోజుల్లో మాదాపూర్ దగ్గర హైటెక్ సిటీలో గుండ్రటి పెద్ద భవనం లేచింది. రెండు వేల సంవత్సరం దగ్గరపడుతోందనీ, పాత ప్రోగ్రాములన్నీ తిరగరాయాలనీ, వచ్చినవాళ్ళని వచ్చినట్టు తీసుకుంటున్నారు. అక్కడొక చిన్న కంపెనీలో నన్ను అడిగింది రెండే ప్రశ్నలు.

"ప్రోగ్రామింగ్ ఎక్స్‌పీరియెన్స్ ఉందాండీ?"

"ఉంది సార్."

"పీహెచ్‌డీ మధ్యలో వదిలేసి వస్తే మళ్ళీ వెళ్ళిపోరు కదా?"

"వెళ్ళను సార్."

పని నేర్చుకోవడం కష్టం కాలేదు. ముప్పై ఏళ్ళ కిందట ఏ దేశంలోనో ఎవరో, కంప్యూటర్లో చోటు చాలక, సంవత్సరానికి నాలుగంకెల బదులు రెండే రాశారు. రెండు వేలొస్తే కంప్యూటరు దాన్ని పంతొమ్మిది వందలనుకుంటుంది. ఆ చోట్లన్నీ వెతికి పట్టుకుని దిద్దడం మా పని. మా టీమ్‌లో అందరూ ఆ పాతవాళ్ళని తిట్టుకునేవారు. నాకు తిట్టాలనిపించేది కాదు.

ఆయన రిటైరైన రోజున సభకి వెళ్ళాను, వెనక వరసలో కూర్చున్నాను. శాలువా కప్పారు. ఆయన క్రమశిక్షణ గురించీ, సమయపాలన గురించీ నలుగురు మాట్లాడారు. ఇరవై ఏళ్ళకి పైగా ఆయన చేసిన పనేమిటో ఒక్కరూ చెప్పలేదు. తెలియక కాదు, ఇబ్బందిగా ఉంటుందని. ఆయన జవాబు చెప్పడానికి లేచి, అందరికీ కృతజ్ఞతలని చెప్పి కూర్చున్నారు.

ఈలోగా కొండాపూర్లో రోడ్డు వెడల్పు చేశారు. మా ఇంటామె కొట్టం ఆ రోడ్డులో పోయింది. బర్రెల్ని కట్టేయడానికి చోటు లేక అమ్మేసింది. అవి వెళ్ళిన రోజు ఆమె ఖాళీగా మిగిలిన కట్టుకొయ్య దగ్గర నిలబడి, "ఇగ నేనేం జేయాలె పొద్దుగాల లేసి?" అని నన్నడిగింది. తరవాత ఆమె తమ్ముడి ఊరికి వెళ్ళిపోయింది. నేను ఆఫీసు దగ్గర ఇంకో గది చూసుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున మా గైడుని చూడ్డానికి మూసాపేట వెళ్ళాను. రిటైరయ్యాక అక్కడ రెండు గదుల ఫ్లాటులో ఉంటున్నారు. ఆయన భార్య తలుపు తీశారు. "రామ్మా, రా. నీ గురించే అనుకుంటూంటారు" అని లోపలికి పిలిచారు. ఆయన బాగా చిక్కిపోయారు. ఆమె కాఫీ ఇచ్చి వంటింట్లోకి వెళ్ళాక, ఆయన నా ఉద్యోగం గురించి అడిగారు. చెప్పాను. శ్రద్ధగా విన్నారు.

"నీకొక సంగతి చెప్పాలమ్మాయ్" అన్నారు. "నేను మళ్ళీ చూడక్కర్లేదని ఆ రోజు సెమినార్లో అన్నాను. అది అబద్ధం. పేపరు పంపక ముందే ఒకరోజు నీ ప్రోగ్రాం తీసి, పొడుగాటిదాన్ని సగం అడుగుతో నేనే నడిపాను. సగం దాకా వచ్చింది. అప్పటికే తగ్గుముఖం పట్టాలి. పట్టలేదు. ఇంతలో కరెంటు పోయింది."

నేను కప్పు కింద పెట్టాను.

"అరగంటలో వచ్చింది కరెంటు. మళ్ళీ మొదలుపెట్టొచ్చు. లాబ్ తాళం వేసి ఇంటికి వచ్చేశాను. ఇంకెప్పుడూ దాని జోలికి పోలేదు."

"ఎందుకు సార్?"

"కుదురుకోవాలని ఉంది నాకు. అంతే. నువ్వు చూశానన్నావు, దాన్ని పట్టుకున్నాను. నువ్వు వచ్చి చెప్పావు. నేను అది కూడా చెప్పలేదు. నిన్ను ఏడాదిపాటు ఆ బరువు మొయ్యనిచ్చాను."

నాకు ఆ మాటతో తేలికవుతుందనుకుంటారేమో చదివేవాళ్ళు. కాలేదు. అప్పటిదాకా నేను చెడగొట్టింది ఒక నిజాయితీ గల మనిషి పనిని అనుకునేదాన్ని. ఆ ఒక్క అనుకోవడం కూడా పోయింది. ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది. మా ఇద్దరి మధ్యా అలాంటి అలవాటు లేదు.

వెళ్ళేముందు ఆయన ఒక మాట అన్నారు. "మళ్ళీ చేరు. ఆ తప్పు మీదే థీసిస్ రాయి. ఎంత అడుగుకి ఎంత దొంగతనం జరుగుతుందో, ఏ ఆకారానికి ఎంతో, కొలిచి రాయి. ఇంకొకడు ఈ గోతిలో పడకుండా ఉంటాడు. అది కూడా పనే. నేను డిపార్ట్‌మెంటుకి ఉత్తరం రాసిస్తాను, రిటైరైనా నేను గైడ్ చేయొచ్చు."

సరేనన్నాను. చాలా రోజుల తరవాత ఆ సాయంత్రం కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. ఒక పేజీ రాశాను.

ఆయన ఉత్తరం రాయలేదు. మూడు వారాల తరవాత ఆఫీసుకి ఫోను వచ్చింది. ఆయన భార్య చేశారు. గుండెపోటని చెప్పారు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

రెండు వేల సంవత్సరం ఇంకో రెండు నెలల్లో వస్తుందనగా, ఒక పూట సెలవు పెట్టి యూనివర్సిటీకి వెళ్ళాను. డిపార్ట్‌మెంటు ఆఫీసులో గుమాస్తా నా ఫైలు వెతికి తీశాడు. మర్యాదస్తుడే.

"మీ రిజిస్ట్రేషన్ గడువు అయిపోయింది మేడం. రెన్యూవల్ చేయాలంటే గైడ్ సంతకం గావాలె."

"ఆయన పోయారండి."

"ఎరికే మేడం. ఇంకో గైడ్‌ని చూస్కోండ్రి. గని ఈ టాపిక్ మీద ఇప్పుడు ఎవ్వరు లేరు. టాపిక్ మార్చుకుంటనంటె అప్లికేషన్ ఇస్త."

ఆ కొత్త లెక్చరరు గదికి వెళ్ళి అడిగాను. అడుగు పరీక్ష గురించి లేచి అడిగింది ఆయనే కాబట్టి ఈ థీసిస్ అవసరం ఆయనకి అర్థమవుతుందనుకున్నాను. ఆయన కూర్చోమన్నాడు, నేను చెప్పిందంతా విన్నాడు. "మంచి ఆలోచనేనండి. కానీ ఇది అందరికీ తెలిసిందే కదా. దీనికి డిగ్రీ ఎవరిస్తారు?" అన్నాడు. చెడుగా అనలేదు. ఆయన చెప్పింది నిజమే. అది అందరికీ తెలిసిందే, మాకూ తెలుసు.

గుమాస్తా దగ్గరికి తిరిగి వచ్చాను. రిజిస్ట్రేషన్ రద్దు కాగితం ముందు పెట్టి, ఎక్కడ సంతకం చేయాలో వేలితో చూపించాడు. చేశాను. బయట సెవెన్ సీటర్ నిండడానికి పావుగంట పట్టింది. రెండున్నరకల్లా ఆఫీసులో నా కుర్చీలో ఉన్నాను. టీమ్ లీడర్ వచ్చి, పొద్దున ఇవ్వాల్సిన ఫైళ్ళు అయ్యాయా అని అడిగింది. ఇంకా కాలేదని చెప్పాను.